రాగి ట్యాంకు దగ్గర దేవదానం

2022 వేసవి. రేపల్లె కొత్తగా బాపట్ల జిల్లాలో కలిసిన రోజులు. నేను తెనాలిలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో ఎనలిస్టుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మాది బాపట్ల. పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగితే, స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే ల్యాబు. మా దగ్గరికి వచ్చే నమూనాల్లో ఎక్కువ భాగం నీళ్ళే. రేపల్లె వైపు రొయ్యల చెరువుల నీళ్ళు, పొన్నూరు రైసుమిల్లుల బాయిలర్ నీళ్ళు, అపార్టుమెంట్ల బోరు నీళ్ళు. వాటి మధ్య ఎప్పుడైనా ఒక సీసాలో ముదురు నీలం ద్రవం కనపడిందంటే, అది ప్లేటింగ్ షాపు నుంచి వచ్చిందని మూత తీయకుండానే తెలిసిపోతుంది.

ప్లేటింగ్ అంటే ఒక లోహం మీద ఇంకో లోహాన్ని కరెంటుతో పూత వేయడం. మన ఇంటి తలుపు హ్యాండిల్ తళతళలాడుతుందంటే దాని మీద కనీసం మూడు పూతలుంటాయి. అడుగున రాగి, దాని మీద నికెల్, అన్నిటికన్నా పైన పలచగా క్రోమియం. పైకి కనపడేది క్రోమియమే అయినా నునుపంతా అడుగున ఉన్న రాగిది. రాగి సరిగ్గా కూర్చోకపోతే పైన ఎన్ని పూతలు వేసినా నిలవవు.

రాగి పూత వేసే ద్రావణాన్ని బాత్ అంటారు. మైలుతుత్తం అనే కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ అందులో ముఖ్యం. అవి ఎంతెంత ఉన్నాయో కాలేజీలో నేర్పే టైట్రేషన్‌తోనే తేల్చేయవచ్చు. చిక్కంతా పూత గుణం కోసం చుక్కల్లా కలిపే ఎడిటివ్‌లతో వస్తుంది. బ్రైటనర్ అనేది ఒకటి. రాగి చురుగ్గా, సన్నటి రేణువులుగా కూర్చునేలా చేసి మెరుపు తెస్తుంది. సప్రెసర్ అనేది ఇంకొకటి. అది ఆ చురుకుకు కళ్ళెం వేస్తుంది. అంత పెద్ద ట్యాంకులో ఇవి ఉండేది చాలా కొద్దిగా. ఆ కొద్దిలోనే కాస్త తగ్గినా, కాస్త పెరిగినా సరుకంతా పాడవుతుంది.

చెరువు నీళ్ళలో సీసం, కాడ్మియం చూడడానికని మా ల్యాబులో ఒక వోల్టామెట్రీ యంత్రం కొన్నారు. దానికే ఒక ప్లాటినం ఎలక్ట్రోడ్ తగిలిస్తే ప్లేటింగ్ బాత్‌లో ఎడిటివ్‌ల లెక్క కూడా చెప్తుంది. చిన్న గాజు పాత్రలో ద్రావణం పోసి, అందులో గిర్రున తిరిగే ప్లాటినం బిళ్ళను దించుతాం. వోల్టేజిని కిందికి దించినప్పుడు బిళ్ళ మీద రాగి కూర్చుంటుంది. పైకి ఎక్కించినప్పుడు ఆ రాగి ఊడి మళ్ళీ ద్రావణంలోకి పోతుంది. ఊడేటప్పుడు కంప్యూటర్ తెర మీద గీత గోపురంలా లేస్తుంది. దాన్ని స్ట్రిప్పింగ్ పీక్ అంటాం. పీక్ ఎంత పెద్దదైతే అంత రాగి కూర్చున్నట్టు. బ్రైటనర్ ఉంటే పీక్ పెరుగుతుంది, సప్రెసర్ ఉంటే తగ్గుతుంది. ఇలా వోల్టేజిని దించుతూ ఎక్కిస్తూ చూసే ఈ పద్ధతిని సైక్లిక్ వోల్టామెట్రిక్ స్ట్రిప్పింగ్ అంటారు. మేం క్లుప్తంగా సీవీఎస్ అంటాం.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం వెంకట్రావు గారు మా ల్యాబుకు వచ్చారు. ఊరి చివర ఆయనకు ప్లేటింగ్ షెడ్డు ఉంది. అరవై దాటిన మనిషి. కొల్లూరు దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టి, తమ్ముళ్ళకు పొలం అప్పగించి తెనాలి వచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాన్లో రెండు సీసాలు. ఒకటి నీలంగా ఉంది, ఇంకొకటి లేత పసుపు.

"ఈ నీలంది మా ట్యాంకులోదమ్మా. ఈ పసుపుది బ్రైటనర్, డబ్బాలోంచి తీసింది. ట్యాంకులో బ్రైటనర్ లేదని మీరు ఒక కాయితం రాసిస్తే చాలు."

"లేదని మీకెలా తెలుసండి?"

"సరుకు చూస్తే తెలియట్లా. హ్యాండిళ్ళ వంపుల్లో మబ్బు మబ్బుగా ఉంటంది. బిగించేటప్పుడు పూత పెచ్చులూడిపోతందని బెజవాడ డీలరు మొత్తం వెనక్కి పంపాడు. ఇట్టాగే ఉంటే ఇంకెవర్నన్నా చూసుకుంటానన్నాడు. ఇక్కడ చూస్తే బ్రైటనర్ డబ్బాలు ఎప్పుడూ లేనంత తొందరగా అయిపోతన్నయ్. డబ్బాలో లేదు, ట్యాంకులో లేదు. మరెక్కడికి పోతంది?"

 ఆయన సీసా మూత ఇంకోసారి బిగించారు.

"మా దేవదానం అని ఉన్నాడమ్మా. షెడ్డు వేసిన రోజు నించీ నాతోటే ఉన్నాడు. ట్యాంకు మొత్తం అతని చేతుల్లోనే. నేను ఏనాడూ ఇది ఎంత పోశావు, అది ఎంత పోశావు అని అడిగినోణ్ణి కాదు. ఇప్పుడు అడగాల్సొచ్చింది. బయట షాపులోళ్ళకి అమ్ముకుంటన్నాడని నా అనుమానం. మొన్న నలుగుర్లో అనేశాను కూడా."

"ఆయనేమన్నారండి?"

"ఏమంటాడు. తలొంచుకుని నిలబడ్డాడు. తప్పు లేనోడైతే మాట్లాడడా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. అనుమానం నిజం కాకపోతే బాగుండునని కోరుకుంటూనే, నిజమని తేల్చుకోవడానికి వచ్చిన మనిషిలా కనిపించారు.

"ఏదుంటే అదే రాస్తానండి. లేదని ముందే అనుకుని రాయలేను" అన్నాను.

"అదే రాయండి" అని లేచారు.

ముందు పసుపు సీసా సంగతి చూశాను. ఎవరైనా నీళ్ళు కలిపి ఉంటే అక్కడే బయటపడుతుంది. అది శుభ్రంగా ఉంది. ఎంత బలం ఉండాలో అంత బలమూ ఉంది.

తరవాత బాత్ నమూనా. బ్రైటనర్ చూడడానికి ఒక పద్ధతి ఉంది. బ్రైటనర్ అసలు లేని రాగి ద్రావణాన్ని పాత్రలో తీసుకుని ముందు ఒక పీక్ గీయిస్తాం. అందులో మనకు వచ్చిన నమూనా కొద్దిగా కలిపి మళ్ళీ గీయిస్తాం. ఆ తరవాత మన దగ్గరున్న, లెక్క తెలిసిన బ్రైటనర్‌ను, అంటే స్టాండర్డ్‌ను, కలిపి ఇంకోసారి. తెలిసిన బ్రైటనర్‌కు పీక్ ఎంత పెరిగిందో చూస్తే, నమూనాకు పెరిగిన పెరుగుదలను బట్టి అందులో ఎంతుందో లెక్క వచ్చేస్తుంది.

వెంకట్రావు గారు చెప్పినదే నిజమైతే నమూనా కలిపినప్పుడు గీత పెద్దగా కదలకూడదు. నేను నమూనా కలిపి బటన్ నొక్కాను. గీత తెర పైఅంచుకు దగ్గరగా లేచింది. నా స్టాండర్డ్ కలిపితే దాని మీద ఏమంత పెరగలేదు. అప్పటికే ఎంత పెరగాలో అంతా పెరిగిపోయినట్టుంది. పిపెట్‌తో కొలత తేడాగా తీశానేమో అనుకున్నాను. పాత్ర కడిగి, ఎలక్ట్రోడ్ శుభ్రం చేసి మళ్ళీ మొదటినించీ చేశాను. అదే గీత. అప్పుడు నమూనాను బాగా పలచన చేసి కలిపాను. ఈసారి గీతలు వరసగా, ఒక పద్ధతిగా లేచాయి. లెక్క వేసి చూసుకున్నాను. బాత్‌లో బ్రైటనర్ లేకపోవడం మాట అటుంచి, ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉంది.

డబ్బాలు ఎక్కడికి పోతున్నాయో తేలిపోయింది. అవి ఎక్కడికీ పోలేదు. మొత్తం ట్యాంకులోకే వెళ్ళాయి. బ్రైటనర్ మితిమీరితే వంపుల్లో, మూలల్లో మబ్బుగా వస్తుంది. పూత పెళుసుబారి పెచ్చులు లేస్తుంది. ఆయన చెప్పిన రోగ లక్షణాలన్నీ దానికి సరిపోయాయి.

దొంగతనం లేదన్న ఆనందం నాకు ఎంతోసేపు నిలవలేదు. ఎన్నో ఏళ్ళుగా అదే ట్యాంకు చూస్తున్న మనిషి అంత బ్రైటనర్ ఎందుకు పోస్తాడు? ఈ రిపోర్టు పంపితే అతని మీద ఒక నింద పోతుంది. ఆ పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. సరుకు పాడు చేసింది అతనేనని తేలుతుంది. వెంకట్రావు గారికి ఫోన్ చేశాను.

"లెక్క వచ్చిందండి. రిపోర్టు ఇచ్చే ముందు ఒకసారి మీ షెడ్డు చూడాలి. రేపు రావచ్చా?"

"ఏంటమ్మా, అనుమానం నిజమేనా?"

"కాదండి. ఎవరూ ఏమీ అమ్ముకోలేదు. మీ బ్రైటనరంతా ట్యాంకులోనే ఉంది. ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువుంది."

 "సరే, రండి" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. రేకుల షెడ్డు. ఎండకు లోపల ఉడికిపోతోంది. యాసిడ్ ఆవిరి ముక్కుకు తగులుతోంది. ఒక పక్క బఫింగ్ చక్రాల మీద హ్యాండిళ్ళు నునుపు పెడుతున్నారు. ఇంకో పక్క ఇద్దరు ఆడవాళ్ళు సరుకును తీగలకు కడుతున్నారు. మధ్యలో రాగి ట్యాంకు. దాని పక్కన రబ్బరు బూట్లతో, పొడవాటి చేతులున్న గ్లౌజులతో ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. యాభై అయిదు పైన ఉంటుంది వయసు. నెరిసిన జుట్టు, శుభ్రంగా గీసుకున్న గడ్డం. అతనే దేవదానం. అతనిది నగరం మండలంలో ఒక ఊరు. రోజూ సైకిలు మీద రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి తెనాలి వస్తాడు.

"బాబాయ్ గారూ, నేను ల్యాబు నుంచి వచ్చానండి. మీరు బాత్ ఎలా చూస్తారో నాక్కూడా ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"చూపిస్తానమ్మా" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. మొహంలో మాత్రం, ఇక అయిపోయింది అన్నట్టు ఒక అలసట.

మా యంత్రాలు రాకముందు నించీ ప్లేటింగ్ వాళ్ళకున్న పరీక్ష హల్ సెల్. ఒక గోడ ఏటవాలుగా ఉండే చిన్న డబ్బా. దాన్లో బాత్ ద్రావణం పోసి, పలచటి ఇత్తడి రేకు పెట్టి కరెంటు ఇస్తారు. రేకుకు ఒక చివర కరెంటు ఎక్కువ తగులుతుంది, ఇంకో చివర తక్కువ. ఏ చివర ఎంత మెరిసింది, ఎక్కడ మాడింది, ఎక్కడ మబ్బుగా ఉంది అన్నది చూసి బాత్‌కు ఏం కావాలో చెప్తారు. అదంతా కంటితో చేసే నిర్ణయం.

దేవదానం డబ్బాను అలవాటైన చేతులతో సిద్ధం చేశాడు. కొలత జాడీలోకి ద్రావణం పోస్తున్నప్పుడు నేనొకటి గమనించాను. గీత దగ్గరికి ఎంత వచ్చిందో అతను చూడడం లేదు. గ్లౌజు వేలు జాడీ పక్కన ఆనించి, బరువును బట్టి, శబ్దాన్ని బట్టి ఆపుతున్నాడు. కరెంటు ఆపాక రేకు తీసి కడిగి, కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళాడు. ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ వంచి చూశాడు.

"చూడండమ్మా. రేకు మొత్తం మసకగానే ఉంది. బ్రైటనర్ తగ్గింది. ఎంత పోసినా చాలట్లేదు. మందులోనే బలం లేదేమోనండి."

రేకును నా చేతికిచ్చాడు. తక్కువ కరెంటు తగిలిన చివర కొంచెం పొగ పట్టినట్టుంది. మిగతా భాగమంతా అద్దమే. నా మొహం, వెనకాల కిటికీ ఊచలు, బయట నిలబెట్టిన మోపెడ్ అన్నీ అందులో కనపడుతున్నాయి.

నేను తలెత్తి అతని కళ్ళలోకి చూశాను. రెండు కంటిపాపల మీదా పాలు కలిపిన నీళ్ళలాంటి తెలుపు. మా నాన్నకు శుక్లాలు వచ్చినప్పుడు చూశాను కాబట్టి వెంటనే పోల్చుకున్నాను.

వెంకట్రావు గారు కాస్త దూరంలో చేతులు కట్టుకుని చూస్తున్నారు. పని ఆపకుండానే మిగతా వాళ్ళందరూ మా వైపే చెవులు పెట్టి ఉన్నారు. అక్కడ ఆ మాట అనడం నాకు ఇష్టం లేకపోయింది. "రేపు పొద్దున వచ్చి రిపోర్టు గురించి మాట్లాడతానండి" అని ఆయనకు చెప్పి, బయటికి వస్తూ దేవదానం దగ్గర ఆగాను.

"బాబాయ్, సాయంత్రం రేపల్లె బండికేనా వెళ్తారు? నేనూ స్టేషన్‌కే వస్తాను. ఒక మాట మాట్లాడాలి."

స్టేషన్‌లో నేను వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కాలేజీ పిల్లలు, పూలబుట్టలు, కూరగాయల గంపలతో జనం వస్తూ ఉన్నారు. నేను టీ రెండు తీసుకుని పక్కన కూర్చున్నాను. కప్పు అందుకోవడానికి అతని చెయ్యి ఒక్క క్షణం గాలిలో వెతుక్కుంది.

"ఎంతకాలం నించి బాబాయ్, చూపు ఇట్లా ఉంది?"

అతను ఉలిక్కిపడలేదు. కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. 

"కరోనా ముందే మొదలైందమ్మా. అప్పుడు కాస్త పొగ పట్టినట్టుండేది. ఇప్పుడు మొత్తం మంచు కురిసినట్టే. చర్చిలో ఆదివారం పాఠం చదివేది నేనే. అది మానేశాను. గొంతు పాడైందని పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఇంట్లో మా ఆవిడకి కళ్ళజోడు మార్చాలని చెప్పాను."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"చూపించుకుంటే ఆపరేషన్ అంటారు. మా అన్న చేయించుకున్నాడమ్మా, నా చిన్నప్పుడు. చీము పట్టి ఉన్న కాస్త చూపూ పోయింది. చచ్చిందాకా నా భుజం పట్టుకునే నడిచాడు." టీ ఒక గుక్క తాగాడు. "ఆ భయం ఒకటి. ఇంకోటేంటంటే, మా పని చెయ్యి చేసేది కాదండి. కన్ను చేసేది. కన్ను పోయిందంటే నన్నెందుకు ఉంచుకుంటారు? ఇంకా ఇద్దరు పిల్లలు చదువుతున్నారు."

"దొంగతనం చేశావని నలుగురిలో అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా."

"ఏం చెప్పనమ్మా. దొంగనంటే ఎప్పటికైనా కాదని తేలద్దిగా. గుడ్డోణ్ణంటే ఇక తేలేదేముంది?"

 రైలు వస్తోందని మైకులో చెప్తున్నారు.

"బాబాయ్, నా యంత్రంలో తేలింది చెప్తాను వినండి. మందులో బలం ఉంది. మీరు పోసిందంతా ట్యాంకులోనే ఉంది. మీరు దొంగ కాదని నా రిపోర్టే చెప్తుంది. కానీ బాగా ఎక్కువ పోశారు. పొద్దున మీరు మసకగా ఉందన్న రేకులో నా మొహం నాకు కనపడింది."

అతను కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"అంటే సరుకు పాడు చేసింది నేనేనా?"

"పోసింది మీరే. కానీ కావాలని కాదు కదా."

పట్టాల వైపు మొహం తిప్పుకున్నాడు. "ఆ కళ్ళ సంగతి కాయితంలో రాయమాకండమ్మా" అన్నాడు.

"రాయను. నేను రాసేది బాత్ గురించే. మనిషి గురించి రాసే హక్కు నాకు లేదు. కానీ వెంకట్రావు గారు ఎందుకు ఎక్కువైందని అడుగుతారు. తెలియదని నేను అబద్ధం చెప్పలేను. ఇంకో మాట. మీరు నిలబడేది యాసిడ్ దగ్గర. ఆ జాడీ పట్టుకున్న తీరు చూస్తే నాకు భయం వేసింది. రేపు పొద్దున నేను వచ్చేలోపు మీరే చెప్పండి. నా నోటినించి వింటే ఆయనకి ఇంకో రకంగా ఉంటుంది."

బండి వచ్చింది. అతను లేచాడు. పెట్టె మెట్టును కాలితో వెతుక్కుని ఎక్కుతుంటే వెనకున్న ఎవరో చెయ్యి ఆసరా ఇచ్చారు. చెప్తానని గానీ చెప్పనని గానీ అనలేదు. బాపట్ల వెళ్ళే దారంతా నేను చేసింది సబబేనా అని ఆలోచిస్తూనే ఉన్నాను. వెంకట్రావు గారు కోపిష్టి మనిషి. ఒకవేళ ఆయన ఆ మనిషిని నిజంగానే మాన్పించేస్తే? అప్పుడు నా సలహాకు ఏం విలువ?

మర్నాడు షెడ్డుకు వెళ్ళేసరికి ట్యాంకు ఆపేసి ఉంది. వెంకట్రావు గారు బయట కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా స్టూలు మీద దేవదానం.  నన్ను చూసి వెంకట్రావు గారు లేచారు.

"చెప్పాడమ్మా" అన్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దేవదానం వైపు తిరిగి, నేను రాకముందు మొదలైన మాటను కొనసాగిస్తున్నట్టుగా అన్నారు. "ఏమయ్యా, మా అమ్మ పోతే పాడె మోసినోడివి. నీ పెద్దకూతురు పెళ్ళిలో భోజనాల కాడ నిలబడి వడ్డించినోణ్ణి. కళ్ళు కనపడట్లేదని నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"మీరు మాన్పించేస్తారేమోనని భయమేసిందండి."

"నేను నీకట్టా కనపడ్డానా?"

"నేను మీకు దొంగలాగా కనపడలేదాండి?" అన్నాడు దేవదానం. గొంతు పెంచలేదు. నిందగా కూడా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

 వెంకట్రావు గారు తిన్నగా షెడ్డులోకి నడిచారు. బఫింగ్ చక్రాలు ఆపమన్నారు. పనివాళ్ళందరూ తలెత్తి చూస్తుంటే, "మొన్న దేవదానాన్ని నేను ఒక మాటన్నాను. మీరందరూ విన్నారు. అది తప్పు మాట. మందు ఎక్కడికీ పోలా. ట్యాంకులోనే ఉందని ల్యాబు మేడంగారు తేల్చారు. నేను తొందరపడ్డాను" అన్నారు. అంతే. మళ్ళీ చక్రాలు తిప్పమని చెప్పి బయటికి వచ్చేశారు. ఆ వయసులో, అంత పట్టుదల మనిషి ఆ నాలుగు మాటలూ అనడానికి ఎంత కష్టపడ్డారో ఆయన మెడ మీద పట్టిన చెమట చూస్తే తెలిసింది.

ఇక మిగిలింది బాత్‌ను బాగుచేయడం. మితిమీరిన ఎడిటివ్‌ను ట్యాంకులోంచి ఏరి తీసేయలేం. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి దాన్ని విరగ్గొట్టి, బొగ్గుపొడితో వడకట్టాలి. మంచి ఎడిటివ్, చెడ్డ ఎడిటివ్ అన్న తేడా లేకుండా మొత్తం పోతుంది. ఆ తరవాత మళ్ళీ మొదటినించీ కొద్దికొద్దిగా కలుపుకుంటూ రావాలి. ఆ పనంతా దేవదానం చెప్తుంటే మిగతా వాళ్ళు చేశారు. వడకట్టిన నమూనా యంత్రంలో పెడితే గీత ఈసారి కదలకుండా పడుకుంది. సప్రెసర్, బ్రైటనర్ ఉండాల్సినంత కలిపాక మళ్ళీ తెప్పించుకుని చూశాను. పీక్ నా స్టాండర్డ్ చెప్పినచోటికే వచ్చి ఆగింది. మొదటి హ్యాండిల్ బయటికి తీసినప్పుడు వెంకట్రావు గారు దాన్ని వంచి, గీకి, రాయి మీద కొట్టి చూశారు. పూత ఊడలేదు. డీలరుకు ఆయనే సరుకు తీసుకువెళ్ళి చూపించి వచ్చారు.

కళ్ళ ఆపరేషన్‌కు దేవదానాన్ని ఒప్పించడం బాత్ బాగుచేసినంత తేలిక కాలేదు. అన్న కథ మనసులోంచి పోవడం లేదు. బాపట్లలో మా వీధిలో ఒక కంటి డాక్టరమ్మ ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెంకట్రావు గారే తన కారులో తీసుకువచ్చారు. వెంట దేవదానం భార్య కరుణమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ తొందరపడలేదు. ఆ రోజుల్లో ఎలా చేసేవాళ్ళు, ఇప్పుడు ఎలా చేస్తున్నారు, చీము పట్టకుండా ఏం జాగ్రత్తలుంటాయి అన్నీ బొమ్మ గీసి చెప్పారు. అతను బొమ్మను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, కనపడక నవ్వేశాడు. ఆ నవ్వు చూసి కరుణమ్మ ఏడ్చింది.

"కళ్ళజోడు మార్చాలన్నావు గదయ్యా నాతోటి" అంది. 

ఒక కంటికి ముందు చేశారు. కట్టు విప్పే రోజు నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ గోడ మీద అక్షరాలు చదవమన్నారు. చదివాడు. తరవాత భార్య వైపు తిరిగి, చాలాసేపు చూసి, "నీకు జుట్టు ఇంత నెరిసిందేంటి?" అన్నాడు. వెంకట్రావు గారు నవ్వబోయి, మొహం పక్కకు తిప్పుకున్నారు.

రెండో కన్నూ అయి, మందుల వాడకం పూర్తయి, మళ్ళీ షెడ్డుకు వచ్చేసరికి వానలు పడుతున్నాయి. అప్పటికి అక్కడొక కొత్త పద్ధతి మొదలైంది. హల్ సెల్ రేకును ఇప్పుడు ఇద్దరు చూస్తారు. తీగలు కట్టే ఆడవాళ్ళలో ఒకరైన సుజాతకు దేవదానమే ఆ పని నేర్పాడు. ఇద్దరి మాటా కలవకపోతే నమూనా మా ల్యాబుకు వస్తుంది. తన ఒక్కడి కంటి మీదే అంతా నడవకూడదని ఆ ఏర్పాటు చేసింది వెంకట్రావు గారు కాదు, దేవదానమే.

ఒకసారి అలాంటి నమూనా తీసుకుని అతనే వచ్చాడు. యంత్రం ఎప్పుడూ చూడలేదంటే కూర్చోబెట్టి చూపించాను. బిళ్ళ తిరుగుతుంటే, తెర మీద గీత దిగి ఎక్కుతుంటే కదలకుండా చూశాడు.

"దీనికి మసకలు రావాండి?" అని అడిగాడు.

"వస్తాయి బాబాయ్. ఎలక్ట్రోడ్‌కి మురికి పడితే ఇదీ తప్పే చెప్తుంది. అందుకే రోజూ తెలిసిన ద్రావణం పెట్టి దీన్ని పరీక్షించుకుంటాం."

"మంచి పని" అన్నాడు. "మమ్మల్నెవరూ అట్టా పరీక్షించరు. మేం చెప్పుకోం."

ఆ మాట చాలాకాలం నా మనసులో ఉండిపోయింది. మా వృత్తిలో ఒక అంకె వస్తే దాన్ని పట్టుకుని చకచకా నిర్ణయాలు చేసేయాలనిపిస్తుంది. వెంకట్రావు గారి నమూనాలో అంకె ఏమీ తప్పు చెప్పలేదు. బ్రైటనర్ ఎన్నో రెట్లు ఎక్కువుందని కచ్చితంగా చెప్పింది. దాన్నే రిపోర్టులో రాసి పంపించేసి ఉంటే నా పని నేను చేసినట్టే. అటు పక్క ఒక మనిషి దొంగ అన్న పేరు పోయి, చేతకానివాడన్న పేరుతో ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో కూర్చుని మెల్లమెల్లగా చూపు మొత్తం పోగొట్టుకునేవాడు. అతనికి ఏమైందో మా ఎవరికీ తెలిసేది కాదు.

అందుకని ఇప్పుడు ఏ షాపు నమూనా అయినా హద్దు దాటి కనిపిస్తే, రిపోర్టు పంపే ముందు ఫోన్ చేస్తాను. ట్యాంకు దగ్గర ఉండే వాళ్ళను పిలవమంటాను. ఫోన్ అందుకున్న వాళ్ళు కొంచెం కంగారుగా, "ఓనరుగారున్నారండి, ఆయనకి ఇమ్మంటారా?" అంటారు.

"వద్దండి, మీతోనే మాట్లాడాలి" అంటాను. "ఎట్లా ఉన్నారు?"